అరకూలీ రోడ్డు

డిసెంబరు వస్తే శనివారం రాత్రుళ్లు నర్సీపట్నానికి నిద్ర ఉండదు. విశాఖ నుంచీ, కాకినాడ నుంచీ, రాజమండ్రి నుంచీ బయల్దేరిన కార్లు, బైకులు తెల్లారేలోగా లంబసింగి చేరాలని ఆ ఊరి మీదుగా బారులు తీరతాయి. సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఒక చిన్న గిరిజన గ్రామానికి ‘ఆంధ్రా కశ్మీర్’ అని పేరు పడిపోయాక చలికాలమంతా ఇదే తంతు. పొగమంచులో సెల్ఫీ, చలిమంట దగ్గర వేడి టీ, దారిలో బొంగు చికెన్, తిరుగు ప్రయాణంలో ఒక స్ట్రాబెర్రీ డబ్బా. మధ్యాహ్నానికి మంచు విడిపోతుంది, జనమూ దిగిపోతారు.

డౌనూరు దాటాక ఘాట్ మొదలవుతుంది. అక్కడి నుంచి లంబసింగి వరకు దారి కొండను చుట్టుకుంటూ ఎక్కుతుంది. కింద పల్లపు పొలాలు చిన్నవై చివరికి కనుమరుగవుతాయి. పైన అడ్డాకు తీగలు, సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని పట్టుకుని పాకిన మిరియాల తీగలు కనిపిస్తాయి. ఆంధ్ర దేశంలో ఇంత అందమైన దారులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒక సాయుధ తిరుగుబాటుకు కారణాల్లో ఒకటిగా చరిత్రకెక్కిన రోడ్డు మాత్రం బహుశా ఇదొక్కటే.

1920 ప్రాంతంలో గూడెం డిప్యూటీ తహసీల్దారుగా బాస్టియన్ అనే అధికారి ఉండేవాడు. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి రోడ్డు వేయించే బాధ్యత ఆయన నెత్తిన పడింది, లేదా ఆయనే నెత్తికెత్తుకున్నాడు. కొండ చరియలు తవ్వడానికి, రాళ్లు కొట్టడానికి, చెట్లు నరకడానికి చుట్టుపక్కల పల్లెల జనాన్ని బలవంతంగా దింపాడు. మంజూరైన కూలీ వాళ్ల చేతికి పూర్తిగా అందలేదు. అడిగినవాళ్లకు దెబ్బలు మిగిలాయి. రానన్నవాళ్లకు అధికారి పగ మిగిలింది. బట్టిపనుకుల గ్రామ పెద్దరికం గాం గంటందొరది. బాస్టియన్‌తో గొడవ పడి ఆయన ఆ పెద్దరికం పోగొట్టుకున్నాడు. ఆ గంటందొర, ఆయన తమ్ముడు మల్లుదొర తర్వాత అల్లూరి సీతారామరాజుకు కుడిభుజం, ఎడమభుజం అయ్యారు.

అంతమాత్రాన రోడ్డే తిరుగుబాటు తెచ్చిందనడం సరికాదు. కొండల్లో కోపం ఎనభై ఏళ్లుగా పోగుపడుతూ వచ్చింది. రోడ్డు దానికి ఒక మొహం, ఒక పేరు ఇచ్చిందంతే.

గొలుగొండ ఇప్పుడు నర్సీపట్నానికి దగ్గర్లో ఒక మామూలు మండల కేంద్రం. ఒకప్పుడు ఈ కొండలన్నీ గొలుగొండ జమీందారీ కింద ఉండేవి. కొండ మీద అసలు పెత్తనం మాత్రం ముఠాదారులది. కొన్ని పల్లెలు కలిస్తే ఒక ముఠా. దాని పెద్ద ఏటా కొద్దిపాటి కట్టుబడి చెల్లించి తన జనాన్ని తానే చూసుకునేవాడు. తగువులు తీర్చేదీ, ఎవరు ఏ కొండ మీద పోడు కొట్టుకోవాలో చెప్పేదీ అతనే. 1837లో బకాయిల పేరుతో జమీందారీ కుంపిణీ చేతికి పోయింది. 1839 చట్టంతో గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలు మామూలు కోర్టుల పరిధి నుంచి బయటికొచ్చి, గవర్నరు ఏజెంటు హోదాలో కలెక్టరు చేతి కిందికి వచ్చాయి. ముఠాదారులు 1840లలోనే ఒకసారి తిరగబడ్డారు. ఈ తిరుగుబాట్లను జనం పితూరీలన్నారు. సర్కారు కాగితాల్లోకి కూడా ఆ మాటే ఎక్కింది.

పితూరీల్లో పెద్దది 1879 నాటి రంప పితూరీ. జీలుగు, ఈత చెట్లు గీసి కల్లు తాగడం కొండవాళ్లకు తిండిలో భాగం. దాని మీద చిగురుపన్ను వేశారు. తర్వాత కల్లు హక్కుల్నే కాంట్రాక్టర్లకు అమ్మేశారు. తన పెరట్లో చెట్టు తాను గీసుకుంటే నేరం! చంద్రయ్య, అంబుల్‌రెడ్డి వంటివాళ్ల నాయకత్వంలో పోలీసు ఠాణాల మీద మొదలైన దాడులు రంప నుంచి గూడెం, భద్రాచలం వైపు పాకాయి. అణచడానికి మద్రాసు ప్రభుత్వం సైన్యాన్ని దింపవలసి వచ్చింది.

రంప చల్లారీ చల్లారకముందే 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవి రిజర్వు అయింది, పోడు నేరమైంది. వంటచెరకు తెచ్చుకోవడానికీ, పశువుల్ని మేపుకోవడానికీ గార్డు దయ కావాల్సి వచ్చింది. 1886లో గూడెంలో రాజన అనంతయ్య నాయకత్వంలో మరో పితూరీ లేచింది. అదీ అణిగిపోయింది. ఆ తర్వాత చాలా ఏళ్లు గూడెం కొండ పైకి ప్రశాంతంగానే కనిపించింది. బాస్టియన్ లాంటి అధికారి ధైర్యం ఆ ప్రశాంతత నుంచి పుట్టిందే కావచ్చు.

ప్రభుత్వానికి ఈ రోడ్డు ఎందుకంత అవసరమో ఊహించడం కష్టం కాదు. అప్పటిదాకా చింతపల్లి, గూడెం నుంచి చింతపండు, పసుపు, పిప్పళ్లు, అడ్డాకులు కావళ్ల మీదా, ఎడ్ల మీదా కిందికి దిగేవి. ఉప్పు, గుడ్డలు పైకెక్కేవి. అధికారి కొండ ఎక్కాలంటే గుడారం దగ్గర్నుంచి కుర్చీ దాకా కొండవాళ్ల భుజాల మీదే. ఈ మోత వెట్టికి పెద్దగా ప్రతిఫలం ఉండేది కాదు. బండి రోడ్డు పడితే కలప దిగుతుంది, శిస్తు వసూలు సులువవుతుంది, పోలీసులు గంటల్లో ఎక్కగలరు. కొండవాడికి మిగిలేదేంటి? మోత కొంత తగ్గవచ్చు. బదులుగా తన మీద పెత్తనం చేసేవాడు రోజూ వస్తాడు. ఆ లెక్క వాళ్లకు చదువు లేకుండానే అర్థమైంది.

సీతారామరాజు ఈ కొండల మనిషి కాదు. పుట్టింది 1897 జూలై 4న, విశాఖ జిల్లా పాండ్రంగిలో, తల్లి పుట్టింట. తండ్రి వైపు ఊరు భీమవరం దగ్గర మోగల్లు. 1917 ప్రాంతంలో కృష్ణదేవిపేట చేరాడు. జాతకాలు చెప్పేవాడు, మందులిచ్చేవాడు. తపస్సు చేసే సాధువుగా జనం ఆయన్ని నమ్మారు. సహాయ నిరాకరణ రోజుల్లో కల్లు మానమన్నాడు, కోర్టులకెళ్లకుండా పంచాయతీల్లో తగువులు తీర్చుకోమన్నాడు. అక్కడే పోలీసులకు అనుమానం మొదలైంది. కొన్నాళ్లు నిఘాలో ఉంచి, తర్వాత పైడిపుట్టలో భూమి ఇప్పించి కుదురుగా ఉండమన్నారు. ఆయన కుదురుగా ఉండలేదు.

చింతపల్లి ఇప్పుడు కాఫీ గింజలు, మిరియాలు, రాజ్మా కొనే షావుకార్లతో, వ్యవసాయ పరిశోధన స్థానంతో, సంత రోజు కిక్కిరిసే బజారుతో సందడిగా ఉండే ఊరు. 1922 ఆగస్టు 22న సీతారామరాజు, గాం సోదరులు, సుమారు 300 మంది మనుషులు ఇక్కడి పోలీసు స్టేషన్ మీద పడ్డారు. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు. మొత్తం 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు చేతికొచ్చాయి. తీసుకుపోయిన ఆయుధాల పట్టీని స్టేషన్ రికార్డులో రాసి సంతకం చేసి మరీ వెళ్లడం తెలుగువాళ్లంతా చెప్పుకునే ముచ్చట. రాజవొమ్మంగిలో అప్పటికే నిర్బంధంలో ఉన్న గిరిజన నాయకుడు వీరయ్యదొరను విడిపించుకుని వెళ్లారు.

గమనించాల్సిందొకటుంది. ఈ మూడు ఊళ్లలో ఒకటి కొండ మీద, మిగతా రెండు కొండ అడుగున ఉన్నాయి. మధ్యలో అడవి దారులు. పోలీసులు రోడ్డు నమ్ముకుని చుట్టు తిరిగి రావాలి, కొండవాళ్లు కాలిబాట నమ్ముకుని అడ్డంగా దిగుతారు. రెండేళ్ల పోరాటమంతా ఒక రకంగా రోడ్డుకూ కాలిబాటకూ మధ్య పోటీ.

ఆ పోటీలో కాలిబాట గెలిచిన రోజు 1922 సెప్టెంబరు 24. ఇప్పటి గూడెం కొత్తవీధి మండలంలోని దామనపల్లి దగ్గర ఇరుకు కనుమలో పోలీసు దళం ఒకటి వరుసగా ఎక్కుతోంది. ముందు నడిచిన దేశీయ సిపాయిల్ని పోనిచ్చారు. వెనకాల వచ్చిన ఇద్దరు తెల్ల అధికారులు, స్కాట్ కవర్డ్, హైటర్, తూటాలకు కూలిపోయారు. భారతీయుల్ని చంపొద్దని సీతారామరాజు కచ్చితంగా చెప్పాడని అప్పటి నుంచీ చెప్పుకుంటారు. దామనపల్లిలో జరిగింది దానికి సాక్ష్యంగానే నిలిచింది. ఆ ఇద్దరి సమాధులూ నర్సీపట్నంలో ఉన్నాయి. సీతారామరాజు సమాధి చూడ్డానికి వెళ్లేవాళ్లలో వీటి వైపు తిరిగి చూసేవాళ్లు తక్కువ. చూడాలి. మెట్ట ప్రాంతపు చిన్న పట్నంలో ఆ రెండు సమాధులు ఎందుకున్నాయో తెలిస్తే ఎదురుగా కనిపించే కొండల వరుస అర్థమే మారిపోతుంది.

దామనపల్లి తర్వాత ప్రభుత్వం తీరు మారింది. మైదానం నుంచి వచ్చిన పోలీసులకు కొండ దారులు కొత్త, మన్యం జ్వరం ఇంకా కొత్త. మలబార్ స్పెషల్ పోలీసుల్ని తెచ్చారు. తర్వాత అస్సాం రైఫిల్స్‌ని దింపారు. వాళ్లకు అడవి యుద్ధం తెలుసు. నర్సీపట్నం ఈ సేనలకు స్థావరమైంది. తిరుగుబాటుదారులకు తిండి పెట్టారన్న అనుమానంతో పల్లెల మీద పడ్డారు. ధాన్యం అందకుండా చేశారు. ఏ వీరగాథలోనూ పెద్దగా చోటు దక్కని భాగం ఇది. పోరాటం పేరు చెప్పుకున్నవాళ్లకంటే దాన్ని మోసిన పల్లెలే ఎక్కువ నష్టపోయాయి. 1923 సెప్టెంబరులో మల్లుదొర దొరికిపోయాడు. 1924లో రూథర్‌ఫర్డ్ స్పెషల్ కమిషనర్‌గా వచ్చాక వల బిగిసింది.

1924 మే 7న మంప దగ్గర సీతారామరాజు పట్టుబడ్డాడు. కొయ్యూరు ప్రాంతంలో మేజర్ గుడాల్ చేతుల్లో తూటాలకు బలయ్యాడు. పారిపోబోతే కాల్చామని సర్కారు రాసుకుంది. చెట్టుకు కట్టి విచారణ లేకుండా కాల్చేశారని జనం చెప్పుకున్నారు. పట్టుబడిన మనిషి కోర్టు గడప చూడకుండానే చనిపోయాడన్న నిజం మాత్రం ఎవరూ కాదనలేనిది. భౌతికకాయాన్ని కృష్ణదేవిపేట తీసుకొచ్చారు. ఆయన వయసు అప్పటికి ఇరవై ఏడు నిండలేదు. గంటందొర కూడా కొద్ది వారాల్లోనే కాల్పుల్లో పోయాడు.

ఇక మల్లుదొర కథ. లంబసింగి వెళ్లేవాళ్లలో ఇది తెలిసినవాళ్లు నూటికొకరుంటే గొప్ప. ఆయనకు ద్వీపాంతరవాస శిక్ష పడింది, అండమాన్ పంపారు. విడుదలై తిరిగొచ్చాడు. స్వతంత్రం వచ్చాక 1952లో జరిగిన తొలి సాధారణ ఎన్నికల్లో విశాఖపట్నం ద్విసభ్య నియోజకవర్గం నుంచి లోక్‌సభకు గెలిచాడు. అదే నియోజకవర్గం నుంచి గెలిచిన రెండో సభ్యుడు లంకా సుందరం. కూలీ గొడవలతో మొదలై పోలీసు స్టేషన్ దోపిడీ మీదుగా అండమాన్ జైలు దాకా వెళ్లిన మనిషి చివరికి ఢిల్లీ పార్లమెంటులో కూర్చున్నాడు. ఇంత మలుపుల కథ ఈ ఘాట్ మొత్తంలో ఇంకోటి లేదు. అయినా మన సినిమాల్లో, పాఠ్యపుస్తకాల్లో ఆయన ఎప్పుడూ పక్కవాడే.

సినిమా అంటే 1974 మే 1న విడుదలైన ‘అల్లూరి సీతారామరాజు’ గురించి చెప్పకుండా ఈ దారి దాటలేం. అది కృష్ణకు నూరో సినిమా, తెలుగులో తొలి సినిమాస్కోప్. చిత్రీకరణ చాలా భాగం చింతపల్లి చుట్టుపక్కలే జరిగింది. దర్శకుడు వి. రామచంద్రరావు మధ్యలోనే కన్నుమూశారు. సినిమాకు రాసిన పాటకు శ్రీశ్రీ జాతీయ పురస్కారం అందుకున్నారు. తెలుగువాళ్లలో చాలామందికి తెలిసిన మన్యం ఆ తెర మీదిదే. ఆ మన్యంలో కొండవాళ్లు జయజయధ్వానాలు చేస్తారు, పాటలు పాడతారు. రోడ్డు కూలీ ఎంత, ఎగ్గొట్టింది ఎంత అన్న లెక్క తెర మీద ఇమిడే సంగతి కాదు మరి.

చింతపల్లి నుంచి గూడెం కొత్తవీధి, సీలేరు వైపు వెళ్లే దారి మరో కథ. స్వతంత్రం వచ్చాక అటు రోడ్డు పట్టుకుపోయింది కరెంటు. 1960లలో ఎగువ సీలేరు, 1970లలో దిగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రాలు వచ్చాయి. తీగలు అడవి మీదుగా మైదానానికి సాగాయి. తీగల కింద ఉన్న పల్లెలకు దీపం చాలా ఏళ్ల తర్వాతే వెలిగింది.

కాఫీ కొంత మెరుగు. 1898లో బ్రోడీ అనే ఇంగ్లీషువాడు పాములేరు లోయలో నాటిన మొక్కలతో ఈ కొండల్లో కాఫీ మొదలైందంటారు. 1960ల నుంచి అటవీ శాఖ, ఆ తర్వాత సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) దాన్ని గిరిజన రైతుల చేతికి తెచ్చాయి. ఒకప్పుడు పోడు కొట్టిన వాలుల మీదే ఇప్పుడు నీడ చెట్ల కింద కాఫీ కాస్తోంది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. అడవి నరకొద్దని 1882లో శిక్షించినవాళ్లకంటే, అడవి ఉంచుకుంటే ఆదాయం వస్తుందని చూపించినవాళ్లే ఈ కొండల్ని ఎక్కువ కాపాడారు.

రోడ్డు అనుమానం మాత్రం పోలేదు. 1987 డిసెంబరులో ఈ కొండలకు ఆనుకునే ఉన్న గుర్తేడు దగ్గర పీపుల్స్‌వార్ దళం ఎస్.ఆర్. శంకరన్‌తో సహా ఐఏఎస్ అధికారులను ఎత్తుకుపోయింది. జైల్లో ఉన్న తమవాళ్లను విడిపించుకున్నాకే వదిలింది. తర్వాత చాలా ఏళ్లు రాత్రిపూట ఈ ఘాట్‌లు ఎక్కేవాళ్లే లేరు. 2015లో చింతపల్లి, గూడెం కొత్తవీధి మండలాల్లోని జెర్రెల బాక్సైట్ కోసం అటవీ భూమి మళ్లిస్తూ జీవో 97 వచ్చినప్పుడు పల్లెలు మళ్లీ రోడ్డెక్కాయి, ఈసారి తుపాకులు లేకుండా. 2019లో ఆ జీవో రద్దయింది. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1970 నాటి ఒకటో నంబరు రెగ్యులేషన్, జనం నోట్లో 1/70, లంబసింగి చుట్టూ లేస్తున్న రిసార్టుల మధ్య రోజూ పరీక్షకు నిలబడుతోంది. టెంటు ఎవరిది, స్థలం ఎవరిది, అద్దె ఎవరి చేతికి వెళ్తోంది అని అడిగితే చాలాచోట్ల సమాధానం తిన్నగా రాదు.

2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు అల్లూరి సీతారామరాజు పేరే పెట్టారు. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, కొయ్యూరు, లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం దాకా 516ఇ జాతీయ రహదారి పడుతోంది. పితూరీ నడిచిన ఊళ్లు చాలావరకు ఇప్పుడు ఒకే తారు గీత మీదికి వస్తున్నాయి. ఇప్పటి మలుపులన్నీ బాస్టియన్ నాటివే అని చెప్పలేం, రోడ్డు ఎన్నోసార్లు వెడల్పయింది. దారి మాత్రం అదే దారి.

కాబట్టి పర్యాటక శాఖకు ఒక మాట. లంబసింగి వ్యూపాయింట్ దగ్గర ఊరు ఎంత ఎత్తున ఉందో, ఎంత చలో చెప్పే బోర్డులకు లోటు లేదు. వాటి పక్కనే, 1920 ప్రాంతంలో ఈ ఘాట్ తవ్వింది చుట్టుపక్కల పల్లెల గిరిజనులనీ, వాళ్లకు రావాల్సిన కూలీ పూర్తిగా ఇవ్వలేదనీ, ఆ ఫిర్యాదు 1922 తిరుగుబాటు కారణాల్లో ఒకటనీ తెలుగులో రాసిన బోర్డు ఒకటి పెట్టాలి. దాని మీద గంటందొర, మల్లుదొరల పేర్లుండాలి. వెళ్లేవాళ్లకు ఇంకో మాట. మంచు విడిపోయాక ఘాట్ దిగి నేరుగా ఇంటిదారి పట్టకుండా కొయ్యూరు వైపు మళ్లండి. కృష్ణదేవిపేటలో సీతారామరాజు సమాధి చూసి రావడానికి సగం పూట చాలు.